ఆకాశం కింద చలి

నల్లపాడు వెళ్ళే రోడ్డు మీద వరసగా ఉండే కోల్డ్ స్టోరేజీల్లో ఒకదాని గేటుకు ఎదురుగా టీ బంకు ఒకటి ఉండేది. మే నెల మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీది తారు మెత్తబడి చెప్పులకు అంటుకునే వేళ, ఆ బంకు దగ్గర ఒక మనిషి ఉన్ని స్వెట్టరు తొడుక్కుని, నెత్తికి మంకీ క్యాపు బిగించుకుని, పొగలు కక్కే టీ గ్లాసును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని తాగుతూ కనిపించేవాడు. కొత్తగా చూసినవాళ్ళు పిచ్చివాడనుకునేవాళ్ళు. లారీ డ్రైవర్లు హారన్ కొట్టి మరీ నవ్వేవాళ్ళు. అతను మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా టీ పూర్తిచేసి, గ్లాసు పెట్టేసి, మళ్ళీ గేటు లోపలికి వెళ్ళిపోయేవాడు.

అతని పేరు ఇమ్మానియేలు. పంతొమ్మిదేళ్ళుగా అదే స్టోరేజీలో హమాలీ. లారీల మీద వచ్చిన మిర్చి బస్తాలను, వాళ్ళ మాటలో టిక్కీలను, దించుకుని, వీపున వేసుకుని, ఛాంబర్లలోకి మోసుకెళ్ళి అరల మీద పేర్చడం అతని పని. ఒక్కో టిక్కీ మనిషి బరువుంటుంది. బయట నలభై అయిదు డిగ్రీలు మండుతుంటే లోపల ఏడో ఎనిమిదో ఉండేది. తలుపు దాటిన ప్రతిసారీ రోహిణికార్తెలోంచి నేరుగా పుష్యమాసంలో అడుగుపెట్టినట్టుండేది.

పుట్టింది సత్తెనపల్లి దగ్గర పల్లెలో. పెళ్ళయ్యాక కూడా కొన్నేళ్ళు మిరపచేలల్లో కూలికి వెళ్ళాడు. గుంటూరు వచ్చి స్టోరేజీలో చేరిన మొదటిరోజున బుడాన్ మేస్త్రీ అతన్ని పక్కకు పిలిచాడు.

"ఒరేయ్, బస్తా ఎత్తటం ఎవడైనా నేర్పుతాడు. చలిలో బతకటం నేను నేర్పుతా, విను" అన్నాడు మేస్త్రీ. "నెత్తి కప్పుకోకుండా లోపలికి పోమాక. చెమట చొక్కాతో అసలు పోమాక. పక్కోడితో మాట్లాడుతానే ఉండు. చలి ముందు నాలిక మీద కూర్చుంటది. వాడి మాట ముద్దముద్దగా వచ్చిందా, బస్తా అక్కడే పడేసి వాణ్ణి బయటికి లాక్కురా. వణుకుతున్నంత సేపు ఫరవాలేదు. వణుకు ఆగిపోయిందంటేనే భయం."

ఇమ్మానియేలు ఆ మాటలు మరిచిపోలేదు. అతని చేతి కింద చేరిన ప్రతి కొత్తవాడికీ అవే మాటలు, అదే వరసలో చెప్పేవాడు.

అతని భార్య పున్నమ్మ. స్టోరేజీని ఆనుకునే ఉన్న రేకుల షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీసేది, తాలుకాయలు ఏరేది. నలభై మంది ఆడవాళ్ళు ఎర్రటి కుప్పల చుట్టూ కూర్చుని, ముక్కులకు కొంగులు కట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేసేవాళ్ళు. పైన రేకులు పెనంలా కాలుతుండేవి. సాయంత్రం ఇంటికొచ్చాక పున్నమ్మ రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చునేది. తరవాత కొబ్బరినూనె రాసుకునేది. అయినా మంట పూర్తిగా పోయేది కాదు. సీజన్ మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా పొరపాటున కూడా కళ్ళు నులుముకునేది కాదు.

ఒకే గోడకు ఇవతల మొగుడు వణుకుతూ, అవతల పెళ్ళాం మండుతూ ఏళ్ళు గడిచాయి. కూతురికి పెళ్ళి చేసి చిలకలూరిపేట పంపాక ఇంట్లో ఇద్దరే మిగిలారు.

రెండువేల మూడో సంవత్సరం, ఈస్టరు వెళ్ళిన తరవాతి ఆదివారం, ఆరాధన అయ్యాక లిడియా టీచరు లేచి నిలబడి ఒక సంగతి చెప్పింది. ఆమె చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శి. మే నెలలో సమాజం వాళ్ళు ఊటీ వెళుతున్నారనీ, ఒక బస్సు మాట్లాడుతున్నామనీ, భర్తలు కూడా రావచ్చనీ అంది. 

దారిలోనే పున్నమ్మ మొదలుపెట్టింది.

"ఏమయ్యా, మన పేర్లు కూడా రాయిద్దామా?"

ఇమ్మానియేలు పడీపడీ నవ్వాడు. "చలి కావాలంటే అంత దూరం ఎందుకే? రేపు నాతో రా. రెండో ఛాంబర్లో నిలబెడతా. నీ ఊటీ దాని కాలిగోటికి కూడా సరిపోదు."

"చూశాలే నీ ఛాంబరు. ఆరోజు క్యారేజీ ఇద్దామని వస్తే తలుపు తీశావు గదా. చీకటి, ఘాటు, చలి. సమాధిలోకి తొంగి చూసినట్టుంది. అది పెట్టెలో పెట్టిన చలయ్యా. నాకు ఆకాశం కింద చలి కావాలి."

"ఆకాశం కింద చలిలో ఏముంటదే?"

"చెట్లుంటయ్యి. మంచుంటది. క్యాలెండర్లో చూశా."

దొరక్క దొరక్క దొరికే సెలవుల్లో మళ్ళీ వణకడానికి వెళ్ళడం ఇమ్మానియేలుకు తలకిందుల వ్యవహారంగా తోచింది. అతనికి కావలసింది ఎండ. కానీ ఒళ్ళు కాల్చని ఎండ. అలాంటిది గుంటూరులో దొరకదని అతనికి తెలుసు. అందుకే సెలవు రోజున ఇంట్లో చాప వేసుకుని పడుకునేవాడు. పున్నమ్మ రెండు వారాలు అడిగి, ఊరుకుంది.

మే మొదటి వారంలో ఎండలు అదుపు తప్పాయి. ప్రతి ఉదయం పేపర్లో వడదెబ్బ వార్తలే. మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేలోగా సరుకంతా లోపలికి చేర్చాలని స్టోరేజీ గేటు ముందు లారీలు బారులు తీరాయి. అలాంటి ఒక మధ్యాహ్నం ఇమ్మానియేలు ఛాంబర్లో ఉండగా షెడ్డులో పనిచేసే అంకమ్మ తలుపు దగ్గరికి వచ్చి కేకపెట్టింది.

"అన్నా! పున్నమ్మక్క పడిపోయింది! తొరగా రా!"

అతను స్వెట్టరుతోనే పరుగెత్తాడు. షెడ్డులో కాయల కుప్ప పక్కన పున్నమ్మ పడి ఉంది. మొహం కందిపోయి ఉంది. చెమట లేదు. పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. ఇమ్మానియేలు ఆమెను రెండు చేతులా ఎత్తుకుని గేటు ఎదుటి టీ బంకు నీడకు తెచ్చి పడుకోబెట్టాడు. బంకు అతను బిందెడు నీళ్ళు తెచ్చి తల మీద పోశాడు. ఇమ్మానియేలు తన అరచేతులు ఆమె మెడ మీద ఆనించాడు. అవి ఇంకా ఛాంబరు చలిలోనే ఉన్నాయి, చేపల్లా చల్లగా. కొంతసేపటికి పున్నమ్మ కళ్ళు తెరిచింది. అతను ఆటో కోసం లేవబోతూ చేతులు తీస్తుంటే గొణిగింది.

"తియ్యమాక. హాయిగా ఉంది."

ఆస్పత్రిలో రెండు సెలైన్లు ఎక్కించి సాయంత్రానికి పంపించేశారు. గండం గడిచిందన్నారు. ఆ మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎండ ఎక్కకముందే, ఇమ్మానియేలు లిడియా టీచరు ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

"టీచర్ గారూ, ఊటీకి మా పేర్లు రాసుకోండి. ఇద్దరివీ."

"మీరు రానన్నారంట గదా అన్నా?" అంది టీచరు ఆశ్చర్యంగా.

"అన్నాను. ఇప్పుడు వస్తానంటన్నాను."

బస్సు బయలుదేరే రోజున చర్చి ఆవరణలో అందరూ కొత్తబట్టల్లో, చేతుల్లో పులిహోర డబ్బాలతో, మజ్జిగ చెంబులతో నిలబడి ఉంటే ఇమ్మానియేలు భుజాన ఒక పెద్ద గోనెసంచి వేసుకుని వచ్చాడు. చర్చిలో గంట కొట్టే ఆదాం ముందు అతన్ని చూశాడు. ఆదాంకు డెబ్బై దాటాయి. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం గంటకంటే పెద్దది. పల్చటి పంచె, పొట్టి చేతుల చొక్కా, భుజాన తువ్వాలు. అదే అతని ప్రయాణపు వేషం.

"ఏందిరా ఇమ్మానీ, ఊటీకి కూడా టిక్కీలు మోస్తన్నావా?"

"టిక్కీ కాదు బాబాయ్. స్వెట్టర్లు. మా హమాలీల దగ్గర అడిగి తెచ్చా. దుప్పట్లు కూడా ఉన్నయ్యి. నీకొకటి వేరే తీసి పెట్టా."

"నాకెందుకురా? డెబ్బై ఏళ్ళు గుంటూరు ఎండ తాగిన ఒళ్ళిది. నెలరోజులు మంచులో పడేసినా లోపలి వేడి తగ్గదు."

జనమంతా నవ్వారు. చెమటలు కారుతున్న ఆ సాయంత్రం ఉన్ని బట్టల మాట వింటేనే అందరికీ ఒళ్ళు చిటపటలాడింది. "అన్నా, ఆ సంచి నా పక్కన మాత్రం పెట్టొద్దు" అని ఒకామె బతిమాలింది. ఇమ్మానియేలు దాన్ని చివరి సీటు కింద దూర్చాడు.

రాత్రంతా, మర్నాడంతా ప్రయాణం. పాటలు పాడారు, కునుకు తీశారు, దారిలో చెట్ల కింద దిగి గోంగూర పచ్చడితో అన్నాలు తిన్నారు. మేట్టుపాళయం దాటాక బస్సు కొండ ఎక్కడం మొదలుపెట్టింది. మలుపులకు కొందరికి కడుపులో తిప్పింది. నిమ్మకాయలు చేతులు మారాయి. కూనూరు దగ్గరపడేసరికి గాలి మారింది. ముందు ఎవరో కిటికీ అద్దం పూర్తిగా తీసి తల బయటపెట్టి "అబ్బ!" అన్నారు. అంతే, అన్ని కిటికీలూ తెరుచుకున్నాయి. చలివేంద్రంలో నీళ్ళు తాగినట్టు అందరూ మొహాలు చాపి ఆ గాలి తాగారు. పున్నమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది.

ఒక అరగంట గడిచింది. కిటికీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొంగులు భుజాల చుట్టూ తిరిగాయి. పాట ఆగిపోయింది. చివరికి ముందు సీట్లోంచి లిడియా టీచరు, చేతులు చంకల్లో పెట్టుకుని, వెనక్కి తిరిగింది.

"ఇమ్మానియేలన్నా, ఆ సంచి తెచ్చారు గదా... అది ఎక్కడుంది?"

బస్సంతా ఘొల్లుమంది. ఇమ్మానియేలు లేచి, సంచి మూతి విప్పి, ఒక్కొక్క స్వెట్టరే దులిపి, ఎవరి ఒంటికి ఏది సరిపోతుందో చూసి పంచాడు. అన్నింటికీ మిరప ఘాటు పట్టి ఉంది. వేసుకున్నవాళ్ళు వేసుకున్నట్టే తుమ్మారు. కూనూరు నుంచి ఊటీ దాకా తుమ్ములే.

అక్కడ మిషన్ వాళ్ళ విశ్రాంతి గృహంలో బస. దిగిన మరుసటి ఉదయం పున్నమ్మ వరండాలోకి వచ్చి ఆగిపోయింది. ఎదురుగా చెట్లు నడుముదాకానే ఉన్నాయి, పైభాగం మంచులో కరిగిపోయింది. ఆమె నోరు తెరిచి గాలి వదిలింది. పొగ వచ్చింది. మళ్ళీ వదిలింది. మళ్ళీ వచ్చింది. నలభై మూడేళ్ళ మనిషి ఒంటరిగా నిలబడి బీడీ తాగుతున్నట్టు పొగ వదులుతూ నవ్వుకుంటుంటే ఇమ్మానియేలు గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఆ పొగ అతను పంతొమ్మిదేళ్ళుగా ఛాంబర్లో ప్రతిరోజూ వదిలినదే. అందులో నవ్వొచ్చే సంగతి ఉందని అతనికి ఎప్పుడూ తోచలేదు.

"ఏమయ్యో, ఇటు చూడు" అంటూ ఆమె సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి తలకిందులు చేసింది. చుక్క కూడా కదలలేదు. "మే నెలలో గడ్డకట్టిందయ్యా! మనూళ్ళో ఎవరికైనా చెబితే నమ్ముతారా?"

ఆ నూనె ఆమెకు అక్కరపడనే లేదు. మర్నాడు సరస్సు గట్టున నడుస్తూ అరచేతులు ముందుకు చాపి, తిప్పి, మళ్ళీ తిప్పి చూసుకుంది. తరవాత మెల్లిగా, భయంభయంగా, రెండు కళ్ళూ నులుముకుంది. ఏమీ కాలేదు. మళ్ళీ గట్టిగా నులుముకుంది.

"మంట లేదు" అంది, అదేదో పెద్ద వార్త అన్నట్టు.

మూడోరోజు దొడ్డబెట్ట శిఖరానికి తీసుకెళ్ళారు. పొద్దున ఆకాశం నిర్మలంగా ఉంది. పైనుంచి చూస్తే లోయలో ఇళ్ళు అగ్గిపెట్టెల్లా కనిపించాయి. ఆదాం అదే పంచె, అదే పొట్టి చేతుల చొక్కాలో హుషారుగా అందరికంటే ముందు నడిచాడు. ఇమ్మానియేలు అప్పటికి మూడుసార్లు స్వెట్టరు ఇవ్వబోయాడు, అతను మూడుసార్లూ విదిలించుకున్నాడు.

ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. చూస్తుండగానే వాన, వానతో పాటు వడగళ్ళు. ఆడవాళ్ళు కేరింతలు కొడుతూ టీ కొట్టు రేకు కిందికి పరుగెత్తారు. కొందరు వడగళ్ళు ఏరి నోట్లో వేసుకున్నారు. తలలు లెక్కపెడుతున్న లిడియా టీచరు ఒకటి తగ్గిందని గుర్తించింది. ఆదాం లేడు. ఇమ్మానియేలు తలకు గోనెపట్టా వేసుకుని వెనక్కి వెళ్ళాడు. శిఖరం అంచున రాతిగోడ మీద ముసలాయన తడిసి ముద్దై కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్! ఇక్కడేం చేస్తన్నావు? లే!"

"కొంచెం... సే... కూకుందావని..." అన్నాడు ఆదాం. చర్చి ఆవరణ అంతా వినిపించే ఆ గొంతు నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు వచ్చింది.

ఇమ్మానియేలు అతని భుజం పట్టుకుని చూశాడు. ఒంట్లో వణుకు లేదు. ఒళ్ళు బిగుసుకుని, మొహం పాలిపోయి ఉంది. వెంటనే అతన్ని జాగ్రత్తగా వీపుకెత్తుకున్నాడు. టిక్కీ బరువు కూడా లేడు. మెట్లు దిగి టీ కొట్టు లోపలి గదిలోకి తెచ్చాడు.

జనం మూగారు. ఒకతను ఆదాం చేతులు గబగబా రుద్దబోయాడు. ఇంకొకతను పొయ్యి దగ్గరికి జరపమన్నాడు.

"రుద్దమాకండి! పొయ్యి దగ్గరికి తీసకపోమాకండి!" అని అరిచాడు ఇమ్మానియేలు. అంత గట్టిగా అతను మాట్లాడగా ఆ చర్చిలో ఎవరూ విని ఉండరు. "ఆడవాళ్ళు కాస్త బయటికి పోండమ్మా. పున్నమ్మా, బస్సులోంచి దుప్పట్లు తెప్పించు. పొడి బట్ట ఏదైనా సరే."

తడిబట్టలన్నీ తీసేసి, పొడిగా తుడిచి, అతని కోసం వేరే తీసిపెట్టిన స్వెట్టరు తొడిగాడు. మంకీ క్యాపు పెట్టాడు. దుప్పట్లలో చుట్టి, తను ఒకవైపు, టీచరు భర్త శ్యామ్ సుందర్ ఒకవైపు ఆనుకుని పడుకుని ముసలాయన్ని మధ్యలో ఇరికించుకున్నారు. ఎవరినో కొండ కింద డాక్టరు కోసం పంపించారు. ఇమ్మానియేలు ఆపకుండా ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాడు. చర్చి గంట ఎన్ని కిలోలుంటది బాబాయ్, తాడు ఎప్పుడు మార్చారు, మీ నాన్న పేరేంది, మీ నాన్న నాన్న పేరేంది అని.

చాలాసేపు జవాబులు సరిగా రాలేదు. తరవాత ఆదాం దవడ టకటకమంది. ఒళ్ళంతా గజగజ వణకడం మొదలైంది. చూస్తున్నవాళ్ళు హడలిపోయారు. ఇమ్మానియేలు మాత్రం ఊపిరి పీల్చుకుని నవ్వాడు.

"వణుకుతున్నాడు! ఇంక ఫరవాలేదు. ఇప్పుడు టీ ఇయ్యండి, చక్కెర బాగా వేసి. మెల్లిగా తాగించండి."

సగం గ్లాసు టీ లోపలికి వెళ్ళాక ఆదాం కళ్ళు తిప్పి చుట్టూ చూశాడు. తనవైపు చూసుకున్నాడు. ఆయన నోటినుంచి వచ్చిన మొదటి స్పష్టమైన మాట ఇది.

"ఒరేయ్, నా పంచె ఎవడ్రా విప్పింది?"

బయట నిలబడి ప్రార్థన చేస్తున్న ఆడవాళ్ళకు కూడా ఆ మాట వినిపించింది. ఏడుపు, నవ్వు కలిసిపోయాయి. డాక్టరు వచ్చి, చూసి, అరవంలో ఏదో అడిగాడు. టీ కొట్టతను ఇమ్మానియేలు వైపు చూపించాడు. డాక్టరు ఇమ్మానియేలు భుజం తట్టి, "గుడ్, వెరీ గుడ్" అన్నాడు.

ఆ తరవాత మూడురోజులూ ఇమ్మానియేలు పరపతి మామూలుగా లేదు. బయటికి అడుగుపెట్టాలంటే అందరూ అతన్నే అడిగేవాళ్ళు. "అన్నా, ఈ శాలువా చాలుద్దా?" "అన్నా, తలస్నానం చెయ్యొచ్చా?" అతను కూడా బెట్టుగా, మేస్త్రీ లెక్కన అందరినీ ఒకసారి ఎగాదిగా చూసి పంపించేవాడు. ఆదాం అయితే స్వెట్టరు, క్యాపు స్నానానికి తప్ప తీయడం మానేశాడు.

చివరిరోజు అందరూ పూల ప్రదర్శన చూడడానికి వెళ్ళారు. పూలు చూశాక పున్నమ్మ, ఇమ్మానియేలు ఆ తోటలోనే పచ్చిక మీద ఉండిపోయారు. పదకొండు గంటలవేళ మబ్బు విడిచి ఎండ వచ్చింది. ఇమ్మానియేలు కాళ్ళు చాపి వెల్లకిలా పడుకున్నాడు. కాసేపటికి లేచి స్వెట్టరు తీసేశాడు. ఇంకాసేపటికి చొక్కా గుండీలు విప్పాడు. గాలి చల్లగా తగులుతోంది, ఎండ వెచ్చగా తగులుతోంది, రెండూ ఒకేసారి, ఒకే ఒంటి మీద. అలాంటిది ఉంటుందని అతను ఎన్నడూ ఎరగడు.

"ఏందయ్యా, ఊరందరికీ చెప్పి నువ్వు ఇప్పుకున్నావు?" అంది పున్నమ్మ.

"ఎండ బాగుందే" అన్నాడు కళ్ళు మూసుకుని. "ఎంత బాగుందో."

అక్కడ పడుకునే అతను ఆమెకు చాలా సంగతులు చెప్పాడు. కరెంటు పోయి ఛాంబర్లో చీకట్లో నిలబడిపోయిన రోజు, చల్లబరిచే గొట్టాల్లోంచి అమోనియా కారి ఆ వాసనకు అందరూ పరుగెత్తిన రోజు, సీజన్ మొదట్లో వేళ్ళు పగిలి అన్నం కలుపుకోలేక చెంచా అడగడానికి సిగ్గుపడ్డ రోజు. పెళ్ళై పాతికేళ్ళు దాటినా ఆమెకు అవేవీ తెలియవు. ఆమె అడ్డుపడకుండా విని, చివర్లో, "ఇన్నాళ్ళూ చల్లగా సుఖపడతన్నావనుకున్నా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

తిరుగు ప్రయాణంలో సేలం దగ్గర బస్సు ఆగేసరికి వేడి గాలి మొహాన కొట్టింది. గుంటూరు చేరేసరికి రోడ్లు నిప్పులు చెరుగుతున్నాయి. ఆ తరవాతి ఆదివారాల్లో ఆదాం చెప్పే కథలో వడగళ్ళు నిమ్మకాయలంత మొదలై, మామిడికాయలంత అయ్యి, చివరికి కొబ్బరికాయల దాకా పెరిగాయి. ఇమ్మానియేలు కాదనలేదు. అయితే అతను, లిడియా టీచరు కలిసి స్టోరేజీ యజమానితో మాట్లాడారు. ఎండలు ముదిరినప్పుడు షెడ్డులో పని తెల్లవారకముందే మొదలుపెట్టి పదింటికి ఆపాలని, మిగతాది సాయంత్రం చేయించాలని. ఆయన కొంచెం నసిగి, ఒప్పుకున్నాడు.

జూన్‌లో యార్డు తెరిచారు. మొదటిరోజు టీ కోసం బయటికొచ్చిన ఇమ్మానియేలుకు షెడ్డులోంచి గోల వినిపించింది. ఆడవాళ్ళంతా చేతులాపి పున్నమ్మ చుట్టూ చేరారు. సరస్సు, పూలు, వడగళ్ళు, ఆదాం పంచె, అన్నీ అడిగి అడిగి చెప్పించుకుంటున్నారు.

"అన్నింట్లోకీ ఏది బాగుందక్కా?" అని అంకమ్మ అడిగింది.

పున్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఒకరోజు దుప్పటి కప్పుకుని పొద్దున ఎనిమిదింటిదాకా నిద్రపోయా. మా ఆయన గుమ్మంలో కూర్చుని, ఎవరినీ లేపనీయలేదంట."

"ఎనిమిదింటిదాకానా!" అంది ఒకామె. "సూరీడు నెత్తి మీదికి వచ్చిందాకానా?"

"ఎనిమిదింటిదాకా" అంది పున్నమ్మ.

"మళ్ళీ చెప్పక్కా" అన్నారు వాళ్ళు దగ్గరికి జరుగుతూ. "మొదటినుంచి చెప్పు. దుప్పటి ఏ రంగుది?"